సమాంతర రేఖల పాఠం ఇలా మొదలుపెట్టండి

నేను హన్మకొండలో లెక్కల ట్యూషన్ చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ‘ఎంత పొడిగించినా కలవని గీతలు’ అని నిర్వచనం చెప్పి లెక్కల్లోకి దిగకండి. పిల్లలకు అనుమానం పుట్టాలి.

షాబాదు బండల వరండా ఉంటే బోర్డు అక్కర్లేదు. చాక్‌పీసుతో 30 సెంటీమీటర్ల అడ్డగీత గీయండి. ఒక కొసన 90 డిగ్రీలు, రెండో కొసన 85 డిగ్రీలు వచ్చేలా ఒకే వైపుకు రెండు నూలు దారాలు బిగించి పట్టించండి. దాదాపు మూడున్నర మీటర్ల దగ్గర కలుస్తాయి. 85ని 89 చేయిస్తే కలిసే చోటు 17 మీటర్లు దాటుతుంది, అంటే మా గేటు బయట. 89.9 అయితే 170 మీటర్ల పైమాటే. అప్పుడు అడగండి: కోణాన్ని 90కి ఇంకా దగ్గర చేస్తే కలుస్తాయని ఎవరు చూశారు?

గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ ఐదో స్వీకృతం (నిరూపణ లేకుండా ఒప్పుకునే మాట) చెప్పేది ఇదే: అడ్డగీతకు ఒకే వైపు లోపల వచ్చే అంతర కోణాల మొత్తం 180 కన్నా తక్కువైతే గీతలు ఆ వైపే కలుస్తాయి. ఆయన కూడా దీన్ని తొందరగా ముట్టుకోలేదు. తన ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో 28 సిద్ధాంతాలు ఇది లేకుండానే నడిపి, 29వ దాంట్లో వాడాడు.

ఇక ఈ ఐదో స్వీకృతాన్ని పిల్లల్నే నిరూపించమనండి. మగ్గాలుండే కొత్తవాడ పిల్లలుంటే “పడుగు దారాల్లెక్క దూరం ఎప్పుడూ ఒకటే ఉంటది సార్” అంటారు. అక్కడే పట్టుకోండి. తిన్నటి గీతకు సమదూరంలో ఉన్న గీత కూడా తిన్నగానే ఉంటుందనుకోవడం ఐదో స్వీకృతాన్ని దొడ్డిదారిన తేవడమే. శతాబ్దాల పాటు పెద్దపెద్దవాళ్లు కూడా ఇలాంటి చోటే జారారు.

చూపించడానికి ప్లాస్టిక్ బంతి, రబ్బరు బ్యాండ్లు చాలు. రబ్బరు బంతి వద్దు, బ్యాండు అతుక్కుపోతుంది. సరిగ్గా నడుముకు వేసిన బ్యాండు నిలుస్తుంది. దానికి సమదూరంలో, కాస్త పైకి వేసింది జారి ఊడిపోతుంది, ఎందుకంటే బంతి మీద అది తిన్నటి దారి కాదు. నడుము బ్యాండుకు లంబంగా ఇంకో రెండు వేయండి. అంతర కోణాలు 90, 90. అయినా పైన కలుస్తాయి!

చురుకైన పిల్లలుంటే మిగతా కథ చెప్పండి. ఇటలీ గణితజ్ఞుడు సాచెరీ 1733లో ఐదో స్వీకృతం తప్పని ఊహించుకుని, దాన్ని నిజమని తేల్చడానికి వైరుధ్యం కోసం పుస్తకమంతా వెతికాడు. రష్యాలో లోబచేవ్‌స్కీ 1829లో, హంగరీలో బోల్యాయ్ 1832లో వైరుధ్యం మాట వదిలేసి కొత్త జ్యామితే కట్టారు. అందులో ఒక బిందువు గుండా ఎన్నో సమాంతర రేఖలు పోతాయి, త్రిభుజ కోణాల మొత్తం 180 కన్నా తక్కువ. ఇది మాత్రం బంతి మీద కనిపించదు, అక్కడ మొత్తం ఎక్కువే వస్తుంది.

పరీక్షలో మాత్రం త్రిభుజ కోణాల మొత్తం 180 అనే రాయమనండి. మార్కులు పోతే తల్లిదండ్రులు మన మీదికే వస్తారు.