పరిచర్యకు పెంచడం – 4వ పాఠం: బాధ్యత చేతికివ్వడం

పోయిన పాఠంలో మీ సంఘంలోని ముగ్గురి పేర్లు రాసుకోమన్నాను. బాగా పాడేవాళ్లని, గట్టిగా ప్రార్థించేవాళ్లని వెతకమనలేదు. కూడిక అయ్యాక ఎవరూ చెప్పకుండానే చాపలు చుట్టేవాళ్లని, రెండు ఆదివారాలు రాని ముసలమ్మ ఇంటికి వెళ్లి పలకరించి వచ్చేవాళ్లని చూడమన్నాను. ఆ చీటీ ముందు పెట్టుకోండి. ఈ పాఠం వాళ్లలో ఒక్కరి కోసం.

మన సంఘాల్లో పని చెప్పడం అందరికీ వచ్చు. "బాబూ, మైకు పెట్టు." "అమ్మా, ప్రేమ విందుకి కూరగాయలు తరగండి." పాపం, వాళ్లు పదేళ్లయినా చేస్తూనే ఉంటారు. కానీ ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో తేల్చేది ఎప్పుడూ పాస్టరుగారే. అందుకే ఆయన ఊరెళితే కూడిక ఆగిపోతుంది. పనితోపాటు నిర్ణయం కూడా చేతికొచ్చిన రోజునే విశ్వాసి ఆలోచించడం మొదలుపెడతాడు, ఆ పని కోసం మోకాళ్లూనుతాడు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తెరవండి. యెరూషలేము సంఘంలో రోజూ ఆహారం పంచేటప్పుడు గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్లకు అందడం లేదని సణుగుడు పుట్టింది. పన్నెండుమంది అపొస్తలులు తామే వెళ్లి వడ్డించలేదు. ఎలాంటివాళ్లు కావాలో చెప్పి, ఎంచుకోవడం సంఘానికే వదిలారు. ఇప్పుడు 5వ వచనంలో ఆ ఏడుగురి పేర్లు నెమ్మదిగా చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అందలేదో ఆ వైపువాళ్ల చేతికే పంపకం అప్పగించినట్టు కనిపిస్తుంది. నాకు ఈ సంగతి చాలా ఏళ్లు తట్టలేదు. తట్టాక, సంఘంలో ఫిర్యాదు చేసేవాళ్లని నేను చూసే చూపే మారిపోయింది. ఫలానా చోట లోటుందని ముందుగా కనిపెట్టింది వాళ్లే కదా!

ఆ తర్వాత అపొస్తలులు అందరి ఎదుటా ప్రార్థన చేసి వాళ్లమీద చేతులుంచారు. దీన్ని మనం తరచూ వదిలేస్తాం. చాటుగా ఇచ్చిన బాధ్యతకు సంఘంలో బలం ఉండదు, "నిన్నెవరు పెట్టారు?" అని ఎవరైనా అడిగితే ఆ మనిషి తల దించుకోవాల్సి వస్తుంది.

మన నేల మీద జరిగినదొకటి చెబుతాను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ జాన్ క్లౌ పేరే అందరికీ గుర్తుంది. కానీ ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు. ఆరుగురు ఉన్నారు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగారు. అంత పెద్ద రోజున కూడా ఆ పని వాళ్ల చేతుల్లోనే ఉంది.

ఇక అభ్యాసం. వారం వారం జరిగే ఒక గృహ కూడికను తీసుకోండి. మొదటి వారం మీరు నడిపించండి, చీటీలోంచి మీరు ఎంచుకున్న మనిషి పక్కన ఉంటాడు. ఇంటికి నడుస్తూ ఆ పాట ఎందుకు ఎంచుకున్నారో, ఆ ఇంటి పెద్దాయన చేత ప్రార్థన ఎందుకు చేయించారో చెప్పండి. ఈ నడక మాటల్లోనే నేర్పడం ఎక్కువ జరుగుతుంది, తొందరపడి బండెక్కి వెళ్లిపోకండి. రెండో వారం సగం సగం పంచుకోండి. మూడో వారం అతనే నడిపిస్తాడు, మీరు వెనక చాప మీద కూర్చుంటారు.

ఈ మూడో వారమే కష్టం. ఒకసారి మా కూడికలో ఒక తమ్ముడు వాక్యం చెబుతూ ఇద్దరు రాజుల పేర్లు కలిపేశాడు. నేను ఆగలేక మధ్యలో అందుకుని సరిదిద్దాను. అతను ముగింపు ప్రార్థన కూడా చెయ్యకుండా కూర్చుండిపోయాడు. తర్వాత రెండు నెలలు ఎంత పిలిచినా ముందుకు రాలేదు. రాజుల పేరు మర్నాడు చెప్పినా సరిపోయేది. ఇప్పటికీ ఆ సాయంత్రం తలుచుకుంటే బాధగా ఉంటుంది. తప్పు సిద్ధాంతం బోధిస్తే తప్ప నోరు తెరవకండి. నాలుగో వారం మీరు అసలు వెళ్లకండి.

అప్పగించేది కానుకల లెక్క అయితే మాత్రం ఎప్పుడూ ఒక్కరికే ఇవ్వకండి. ఇద్దరు కలిసి లెక్కపెట్టి, అక్కడికక్కడే పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం చెయ్యాలి. కానుక చేరవేసేటప్పుడు ఎవరూ తప్పుపట్టకూడదని పౌలు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:19–21). ఇది అనుమానించడం కాదని, వాళ్ల మంచి పేరును కాపాడటానికేనని వాళ్లకి ముందే చెప్పండి.

ఈ వారం చెయ్యాల్సింది: చీటీలోంచి ఒక పేరు ఎంచుకోండి. ఏ పని, ఎంతకాలం, ఏ నిర్ణయాలు పూర్తిగా తనవి, ఏవి మిమ్మల్ని అడిగి చెయ్యాలి, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. ఆ వ్యక్తి ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. ఆలోచించుకోవడానికి వారం గడువివ్వండి. "నా వల్ల కాదు" అంటే బలవంతం చెయ్యకుండా కలిసి ప్రార్థించి వచ్చేయండి. సరేనంటే, వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబెట్టి ప్రార్థన చేయించండి.

5వ పాఠంలో, పొరపాటు జరిగాక ఆ మనిషితో ఏకాంతంగా ఎలా మాట్లాడాలో చూద్దాం. దానికి మీ దగ్గర రాసిన ఆ కాగితం ఉండాలి.