కయాక్ వెనక లూర్ లాగి పండుగప్పను పట్టడం ఎలా?

కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ వెనక లూర్, అంటే గాలాలున్న బొమ్మ చేప, కట్టి తెడ్డు వేసుకుంటూ పోవడమే ట్రోలింగ్. చూడ్డానికి ఇంతకంటే తేలికైన పని ఉండదు. అందుకే చాలామంది యానాం దగ్గర గౌతమి పాయలో రెండు గంటలు లాగి, ఖాళీ చేతులతో రేవుకొచ్చి "ఇక్కడ పండుగప్ప లేదు" అనేస్తారు. చేప ఉంది. వాళ్ల లూర్ ఈదలేదు, అంతే.

సామాను

మూడు, మూడున్నర మీటర్ల సిట్ ఆన్ టాప్ (పైన కూర్చునే) కయాక్, ఏడడుగుల లోపు రాడ్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని కొసన ఒకటిన్నర మీటరు 40 పౌండ్ల లీడర్ (మందపాటి కొస దారం). పండుగప్ప మొప్ప అంచు కత్తిలా ఉంటుంది, లీడర్ లేకపోతే దారం తెగుతుంది. లూర్ 10 నుంచి 12 సెంటీమీటర్లది, లాగినప్పుడు రెండు మీటర్ల లోతుకు దిగే తేలే రకం. మునిగే రకం కొనకండి. తెడ్డు ఆపగానే అది అడుగుకి పోయి మడచెట్ల వేళ్లలో చిక్కుకుంటుంది. తేలేది తనంతట తానే పైకొస్తుంది.

రాడ్ ఒక్కటే చాలు. రాడ్‌ని నిలిపే హోల్డర్ మోకాళ్లకు ముందుండాలి. సీటు వెనక బిగిస్తే రాడ్ కొస కనపడదు, కొస కనపడని ట్రోలింగ్ వృథా. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు వెనక కాదు. తెడ్డుకి తాడు కట్టుకోండి.

ఎప్పుడు, ఎక్కడ

ఎర్రటి వరదనీరు పారినన్నాళ్లు కయాక్ బయటికి తీయొద్దు. ధవళేశ్వరం నుంచి వరద వదిలితే దుంగలు కొట్టుకొస్తాయి, ఆ బురదలో లూర్ చేపకు కనపడదు కూడా. ఆ నెలల్లో పులసని లూర్‌తో పట్టొచ్చా అని అడుగుతుంటారు. అది నీళ్లను జల్లెడ పట్టి సన్నటి జీవుల్ని తినే చేప, లూర్ వెంట పడదు.

నీరు తేరుకున్నాక వెళ్లండి. అమావాస్య, పున్నాలకు పోటుపాట్ల ఉరవడి ఎక్కువ కాబట్టి కొత్తవాళ్లు అష్టమి చుట్టుపక్కల రోజులు చూసుకోవాలి. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి వద్దు. కోరింగ అభయారణ్యంలో గాలం వేయొద్దు. వలల బెండ్లు కనపడితే దూరంగా తిరిగి వెళ్లండి, ఆ వల ఒకరి కూడు.

లూర్‌ని దింపడం

లూర్‌ని విసరకండి. పక్కన నీళ్లలోకి దించి, రెండు మీటర్ల దారం మీద ఎలా ఈదుతోందో ముందు కళ్లారా చూడండి. కుడికి ఒరుగుతుంటే ముక్కు దగ్గరి రింగుని పటకారుతో ఒక్క పిసరు ఎడమకి వంచండి. తర్వాత తెడ్డు వేస్తూ దారం వదలండి. 25 మీటర్లు చాలు. ప్రతి 10 మీటర్లకు రంగు మారే బ్రెయిడ్ వాడితే లెక్క తప్పదు.

వేగం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

గంటకు 4 కిలోమీటర్లు అని ఎక్కడో వింటారు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని, అందులో 4 కనపడేలా తెడ్డు వేస్తారు. ఫోన్ చెప్పేది గట్టుతో పోల్చిన వేగం. లూర్‌కి గట్టుతో పనిలేదు, దానికి నీళ్లే లోకం.

లెక్క చూడండి. ఉరవడి గంటకు 3 కిలోమీటర్లు ఉందనుకుందాం. వాలుకి (ఉరవడి వెంట) పోతూ ఫోన్‌లో 4 చూస్తుంటే, నీళ్లలో లూర్ కదిలేది 1. అది ఈదదు, పుల్లలా తేలుతూ వస్తుంది. అదే ఎదురుకి పోతూ 4 చూస్తుంటే నీళ్లలో వేగం 7. లూర్ గిరగిరా తిరుగుతూ పైకి తన్నుకొస్తుంది, దారం మెలిపడుతుంది. రెండుసార్లూ ఫోన్‌లో 4 అనే ఉంటుంది.

కాబట్టి ఫోన్ సంచిలో పెట్టేసి రాడ్ కొస చూడండి. లూర్ సరిగ్గా ఈదుతుంటే కొస సన్నగా, తెరిపి లేకుండా వణుకుతుంది. ఆ వణుకు ఒకసారి కంటికి అలవాటైతే ఇక మరిచిపోరు. మందగిస్తే తెడ్డు పెంచండి. కొస వంగిపోయి వణుకు తగ్గితే ఎక్కువైనట్టు. పూర్తిగా ఆగిపోతే చెత్త పట్టినట్టు. ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకసారి గోదావరి వైనతేయ పాయలో బోడసకుర్రు వంతెన దగ్గర ముప్పావుగంట లాగి, అనుమానమొచ్చి తీసి చూశాను. ముందు గాలానికి గుర్రపుడెక్క వేరు, అరంగుళం కూడా లేని ముక్క, తడిసిన నల్లటి ఈకలా అంటుకుని ఉంది. అంతమాత్రానికే లూర్ పక్కకి పడిపోయి వచ్చింది. అప్పట్నుంచి ఏమాత్రం తేడా అనిపించినా చుట్టి చూస్తాను. మీరూ చూడండి, బద్ధకించకండి.

ఇంకో మాట. ఎప్పుడూ ఎదురుకే లాగాలి. నీళ్లలో 4 పోతున్నా గట్టు పక్కన 1 మాత్రమే సాగుతారు కాబట్టి, లూర్ ఒక్కో మడచెట్టు ముందు చాలాసేపు ఆడుతుంది. అలసిపోయాక ఉరవడే మిమ్మల్ని రేవుకి తెస్తుంది. అయితే సుమారు ఆరు గంటలకోసారి పోటు, పాటు మారతాయి కాబట్టి టైమ్ చూసుకుని బయల్దేరండి. మోటారు కన్నా తెడ్డే మేలు అని కూడా నేను గట్టిగా చెబుతాను. ప్రతి తెడ్డుకీ లూర్ ఒక ఊపు ఊగి తగ్గుతుంది, బెదిరిన చేపపిల్లలా. మోటారు లాగుడులో ఆ ఊపు రాదు. మలుపులు తిరుగుతూ వెళ్తే ఇంకా మంచిది. నాకు చాలా చేపలు మలుపులోనే పడ్డాయి.

పడ్డాక

రాడ్ వంగగానే లాక్కోవద్దు. మూడు తెడ్లు గట్టిగా వేయండి, గాలం దిగుతుంది. అప్పుడు రాడ్ అందుకుని చేపని కయాక్ ముక్కు వైపుకి తిప్పండి. వెనక్కి తిరిగి పోరాడితే పడవ ఒరుగుతుంది. డ్రాగ్ (చేప లాగినప్పుడు దారం వదలకుండా రీలు పట్టే బిగువు) దారం బలంలో నాలుగో వంతుకి మించనివ్వకండి. బాగా అలిశాకే పక్కకి తెచ్చి, తల ముందుగా వలబుట్టలోకి తీసుకోండి. గాలాలు పటకారుతోనే తీయాలి. మొప్పల్లో వేలు పెట్టొద్దు.

పండుగప్ప మగదిగా ఎదిగి, తర్వాత ఆడదిగా మారుతుంది. అందుకే బాగా పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవే. కూరకి చిన్నది ఒకటి ఉంచుకుని పెద్దదాన్ని వదిలేయండి. నీళ్లలోకి విసరకుండా, తల ఉరవడికి ఎదురుగా ఉండేట్టు రెండు చేతులతో పట్టుకోండి. తోక గట్టిగా విదిలించినప్పుడు చేతులు తీసేయండి.