తీరం వెంట జంటగా నడవబోయేవారికి: ఏటిమొగను నడిచి దాటవద్దు

గత నెలలో మా శ్రీకాకుళం జిల్లాలో ఒక ఏటిమొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, జరిగిన సంఘటన ఈ జాగ్రత్తలు రాయడానికి కారణం. వీపున సంచులు కట్టుకుని తీరం వెంట ఊరూరా నడుస్తున్న ఒక యువజంట ఉదయం తొమ్మిది గంటలకు మోకాలి లోతు నీటిలో ఏటిమొగ దాటి, అవతలి ఇసుకమేటపై మధ్యాహ్నం వరకు గడిపి, నాలుగు గంటలకు అదే చోట తిరిగి దాటబోయారు. నీరు ఛాతీ దాకా వచ్చింది. నడుముకు బిగించుకున్న సంచి పట్టీ ఊడక ఆ అమ్మాయి రెండుసార్లు మునిగింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు మత్స్యకారులు పడవ తోసుకుని వెళ్ళబట్టి ఇద్దరూ బతికారు. ఫోన్లు, డబ్బు, గుర్తింపు కార్డులు ఉన్న సంచి సముద్రంలో కలిసిపోయింది. పాతికేళ్ళు తీరమండలాల బడుల్లో పనిచేసిన నేను చూసినవారిలో అందరికీ ఇంత అదృష్టం దక్కలేదు.

టోపీ పెట్టుకోవడం, నీళ్ళ సీసా తీసుకువెళ్ళడం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ఈత రానివారు సముద్రంలో దిగకూడదని కూడా వేరే చెప్పనక్కరలేదు. చిత్రమేమిటంటే సముద్రం దగ్గర భయభక్తులతో మెలిగేవారే ఏటిమొగ దగ్గర ధైర్యం చేస్తారు. అలలు కనిపించవు, నీరు నిదానంగా ఉంటుంది, అవతలి ఒడ్డు చేతికి అందేటంత దగ్గరగా తోస్తుంది, వంతెన మీదుగా వెళ్ళాలంటే ఎన్నో కిలోమీటర్లు చుట్టు తిరగాలి. అందువల్ల దిగుతారు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తప్పుతోనే మొదలయ్యాయి.

విజయనగరం జిల్లా తీరం ముప్పై కిలోమీటర్ల లోపే. శ్రీకాకుళానిది సుమారు 190 కిలోమీటర్లు. భోగాపురం తీరం నుంచి ఇచ్ఛాపురం వైపు నడిచేవారికి ఈ పొడవునా సముద్రం కుడిచేతి వైపే ఉంటుంది గాని, దారి మాత్రం ఒకటిగా ఉండదు. కోనాడ దగ్గర చంపావతి, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం దాటాక బాహుదా సముద్రంలో కలుస్తాయి. వీటి నడుమ పటంలో పేరు కూడా కనిపించని గెడ్డలు (వాగులు), భావనపాడు వైపు ఉప్పుటేర్లు ఉన్నాయి. ఫోన్‌లోని పటం వీటన్నింటినీ సన్నని నీలిగీతలుగా చూపుతుంది. ఆ గీత ఎక్కడ ఉందో చూసి నడక దూరం లెక్కవేసుకోవడం మొదటి పొరపాటు, ఎందుకంటే అలల తాకిడికి తీరం వెంట కదిలే ఇసుక మొగను ఏటేటా పక్కకు జరుపుతూ ఉంటుంది. పోయిన ఏడు నడిచినవారు చెప్పిన చోట ఈ ఏడు మడుగు ఉండవచ్చు.

ఏటిమొగ ఎందుకు మోసం చేస్తుందో తెలిస్తే దిగాలన్న కోరిక సగం చస్తుంది. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు (సముద్రం పొంగడం), రెండుసార్లు పాటు (నీరు తీయడం) వస్తాయి. ఒక పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటలకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. అంటే ఉదయం తొమ్మిదికి మోకాలి లోతు చూసినవారికి మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో నిండు పోటు ఎదురవుతుంది. పైగా ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. సోమవారం ఒక ఊరిలో అడిగి తెలుసుకున్న వేళను గురువారం మరో మొగ దగ్గర నమ్ముకుంటే రెండున్నర గంటల తేడా వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు మరింత ఎత్తుకు వస్తుంది, ప్రవాహమూ బలంగా ఉంటుంది. కాబట్టి అష్టమి నాడు చూసిన లోతు అమావాస్యకు పనికిరాదు. ఆ రోజు ఆ జంటను ఒడ్డుకు చేర్చిన పెద్దాయన ఈ విషయమంతా ఒక్క మాటలో చెప్పాడు: "పొద్దుట మోకాల్లోతని సెప్పిన మాట సాయంత్రానికి సెల్లదు బాబూ."

ఇంతకన్నా లోతైన మోసం మరొకటి ఉంది. నీరు తగ్గుతున్నది కదా, ఇప్పుడు దాటితే ఏమీ కాదని చదువుకున్నవారు కూడా అనుకుంటారు. నిజానికి పాటు సాగుతున్నప్పుడే మొగలో నీరు సముద్రం వైపు పరుగెత్తుతుంది. అప్పుడు కాలు జారితే మనిషి ఒడ్డుకు కొట్టుకురాడు, అలల లోపలికి పోతాడు. పాయ అంచున ఇసుక కింద నుంచి కోసుకుపోయి ఉంటుంది. పైనుంచి గట్టిగా కనిపించే ఆ అంచు అడుగు పెట్టగానే విరిగి, నడుము లోతు ఒక్కసారిగా మెడ లోతు అవుతుంది. వీపున పది పన్నెండు కిలోల బరువు ఉన్న మనిషికి అక్కడ ఈత వచ్చినా రాకపోయినా పెద్ద తేడా ఉండదు.

ఆకాశం నిర్మలంగా ఉందని ధైర్యపడటం కూడా తగదు. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టి మన జిల్లాలోకి వస్తాయి. మహేంద్రతనయ, బాహుదా కూడా అంతే. అక్కడ రాత్రి వాన పడితే, తోటపల్లి దగ్గరో గొట్టా బ్యారేజీ దగ్గరో గేట్లు ఎత్తితే, కళ్ళేపల్లిలోనూ కళింగపట్నంలోనూ చినుకు రాలకపోయినా మొగ ఉరకలు వేస్తుంది. వేసవిలో ఇసుక అడ్డుపడి పూర్తిగా మూసుకుపోయిన చిన్న గెడ్డల మొగలపై నడిచి వెళ్ళవచ్చు. మినహాయింపు అదొక్కటే, అది కూడా ఆ రోజు ఉదయం ఆ ఊరి మనిషి చూసి చెప్పినప్పుడే. మిగిలిన అన్ని కాలాల్లో, అన్ని మొగల దగ్గర మాట ఒకటే: నడిచి దాటవద్దు.

అయితే ఎలా వెళ్ళాలి? మొగ కనిపించిన చోట ఆ రోజు నడక ముగిసిందనుకుని ప్రణాళిక వేసుకోవాలి. అక్కడి నుంచి ఆటోలో గాని బస్సులో గాని పదహారో నంబరు జాతీయ రహదారికి వచ్చి, నాగావళిని శ్రీకాకుళం దగ్గర, వంశధారను మడపాం దగ్గర వంతెనపై దాటి, మళ్ళీ తీరానికి దిగాలి. దీనికి సగం రోజు పోతుంది. ఆ సగం రోజును ముందే లెక్కలో వేసుకున్నవారికి తొందర ఉండదు, తొందర లేనివారు నీటిలో దిగరు. సాయంత్రం చూసుకుందామని సాలిహుండం బౌద్ధ శిథిలాలను, తేలినీలాపురం వలస పక్షులను వదిలేసి నడకే నడకగా సాగేవారికంటే, మొగ దగ్గర ఆగి సాలిహుండం కొండెక్కి వంశధారను పైనుంచి చూసినవారే తెలివైనవారని నా అభిప్రాయం. ఊరివారి పడవ దొరికితే అందులో దాటవచ్చు. అప్పుడు సంచిని వీపున ఉంచుకోకుండా పడవ అడుగున పెట్టాలి.

జంటగా వెళ్ళేవారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఒంటరి మనిషికి భయం వేస్తే ఆగిపోతాడు. పదిమందిలో ఎవరో ఒకరు వద్దంటారు. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు ముందు దిగి చేయి చాస్తారు, రెండోవారు మొహమాటానికో ప్రేమకో ఆ చేయి పట్టుకుంటారు. బయలుదేరే ముందే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకోవాలి. ఎవరు వద్దన్నా వద్దే, కారణం అడగకూడదు, రాత్రి బసలో దెప్పిపొడవకూడదు.

కాలం విషయానికి వస్తే సంక్రాంతి తర్వాత మార్చి మొదటి వారాల వరకు అనువైనది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన తీరు మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చింది, కాబట్టి అక్టోబరు ఇంకా రాలేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినగానే తీరం వదిలి రైలు దొరికే ఊరికి చేరాలి. ఓడరేవులో తుఫాను హెచ్చరిక నంబరు ఎగరేసేదాకా ఆగితే రైళ్ళు రద్దవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ మరపడవలు ఒడ్డునే ఉంటాయి, కొట్టుకుపోయిన మనిషిని నీటిలో చూసే కళ్ళు బాగా తగ్గిపోతాయి.

ఉద్దానంలో నడిచేవారు ఎలుగుబంటిని మరువకూడదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగు దాడిలో ప్రాణం పోయింది. తెల్లవారుజామున, మునిమాపు వేళ జీడితోటల అడ్డదారుల్లో నడవవద్దు. తోటలో రాత్రి బస వద్దు.

కొబ్బరిచెట్టు కింద డేరా వేయవద్దు.

సరుగుడు తోపులో పొయ్యి వెలిగించవద్దు, రాలిన ఆకు ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది.

జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఆ ఇసుకపై డేరా వద్దు, టార్చి వద్దు, ఫోటోల కోసం వాటి చుట్టూ మూగవద్దు.

రెండు ఫోన్లూ ఒకే సంచిలో పెట్టవద్దు. డబ్బు కూడా అంతే. మొదట చెప్పిన జంట ఆ రాత్రి ఇంటికి కబురు పంపడానికి పక్క ఊరి కిరాణా కొట్టువాడి ఫోన్ అడుక్కోవలసి వచ్చింది.

డిసెంబరులో మా వైపు సాయంత్రం అయిదున్నరకే చీకటి కమ్ముకుంటుంది. నాలుగు గంటలకల్లా బస చేసే ఊరు చేరండి.

నీటి పక్కన నడిచేటప్పుడు సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి ఉంచండి. నీటిలో పడితే మొదట సంచి వదిలేయండి. సంచి కోసం వెనక్కి తిరగవద్దు.

ఒకరు కొట్టుకుపోతుంటే రెండోవారు దూకవద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా, తాడు, చీర, ఏది దొరికితే అది విసరండి, కేకలు వేయండి, వలల దగ్గరికి పరుగెత్తండి. దూకిన రెండోవారిని కూడా వెతకవలసి వచ్చిన రోజులు ఈ తీరంలో ఉన్నాయి.

లోపలికి లాగుతున్న నీటికి ఎదురీదవద్దు. వెల్లకిలా తేలుతూ, లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి.

కల్లు తాగి నీటి దగ్గరికి వెళ్ళవద్దు.

112, 108, సముద్రతీర పోలీసుల 1093, కోస్ట్ గార్డు 1554 నంబర్లను కాగితంపై రాసి ఇద్దరి జేబుల్లోనూ విడివిడిగా, తడవని కవరులో పెట్టుకోండి.

ప్రతి ఊరిలోనూ బయలుదేరే ముందు రామమందిరం అరుగు మీదో, పడవలు లాగే చోటనో ఉన్న పెద్దవారిని రెండు ప్రశ్నలు అడగండి: ముందు ఎన్ని మొగలున్నాయి, ఈ రోజు పోటు ఎన్నింటికి. వయసుకు తగినట్టు బాబాయ్ అనో తాతా అనో పిలిచి అడిగితే వారు పని ఆపి మరీ చెబుతారు. "లోతు లేదులే, దాటేయొచ్చు" అని కుర్రవాళ్ళెవరైనా అంటే నవ్వి ఊరుకోండి. వారు ఆ నీటిలో పుట్టి పెరిగినవారు, వారి వీపున సంచి ఉండదు.

ఈ జాబితాలో ఏది మరచినా ఏటిమొగను మాత్రం నడిచి దాటవద్దు. ఉదయం వద్దు, సాయంత్రం వద్దు, మోకాలి లోతైనా వద్దు, మీ ముందే ఒక ఆవు దాటి వెళ్ళినా వద్దు.