విశాఖలో అభ్యర్థి ఫోన్ నంబరు కావాలా? ముందు ఫారం 26 తెరవండి

గెడ్డ (వాగు)లో పూడిక ఎప్పుడు తీయిస్తారని, కొండవాలు ఇళ్లకు పట్టాలు ఎప్పుడిస్తారని పోటీలో ఉన్న మనిషినే అడగాలనిపిస్తుంది. వెంటనే గూగుల్‌లో అభ్యర్థి పేరు, దాని పక్కన ‘ఫోన్ నంబర్’ అని కొడతాం. దారి తప్పేది అక్కడే. పైవరసలో వచ్చే పేజీల్లో చాలావరకు ప్రకటనల డబ్బుల కోసం కట్టినవి, ఒకరి దగ్గర ఉన్న పాత నంబరు ఇంకొకరు ఎత్తి పెట్టుకున్నవి. ఆ నంబరుకు చేస్తే స్విచాఫ్ అని వస్తుంది, లేకపోతే రాజకీయాలతో ఏ సంబంధమూ లేని మనిషి ఫోనెత్తి విసుక్కుంటాడు.

ఇంత వెతకాల్సిన పనే లేదు. అసెంబ్లీకి గానీ లోక్‌సభకు గానీ నామినేషన్ వేసే ప్రతి ఒక్కరూ తమ ఫోన్ నంబరు తామే రాసి, ప్రమాణం చేసి, నోటరీ ముందో మేజిస్ట్రేటు ముందో సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితమే ఫారం 26 అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు ఉండేది ఇందులోనే కాబట్టి అందరి చూపూ వాటి మీదే ఉంటుంది. మొదటి పేజీల్లోనే ఉండే 3వ అంశాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ‘నా ఫోన్ నంబరు, ఈ మెయిల్, సోషల్ మీడియా ఖాతాలు’ అని అభ్యర్థి రాసేది అక్కడే. అఫిడవిట్‌లో కావాలని తప్పు రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకే బయట దొరికే ఏ నంబరు కన్నా ఇక్కడున్నది నమ్మదగ్గది.

ముందు నియోజకవర్గం సరిచూసుకోండి

విశాఖలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విశాఖపట్నం లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీ స్థానాలున్నాయి: శృంగవరపుకోట, భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక. ఎస్.కోట (శృంగవరపుకోట) విజయనగరం జిల్లాది, అయినా లోక్‌సభకు ఓటు విశాఖకే. పెందుర్తిది దీనికి తిరగేసిన లెక్క. పెందుర్తిలో ఉండేవాళ్లు సిటీబస్సెక్కి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వస్తారు, కలెక్టరేటు కూడా విశాఖలోనే, కానీ వాళ్ల ఎంపీ ఓటు అనకాపల్లి లోక్‌సభకు. పరవాడ, సబ్బవరం వైపు వాళ్లూ పెందుర్తి అసెంబ్లీ కిందికే వస్తారు. మధురవాడ పేరుకు సిటీలోనే ఉన్నా అసెంబ్లీకి భీమిలి.

అంచనా మీద వెళ్లకండి. ఓటరు కార్డు మీద ఉన్న ఎపిక్ నంబరును ‘ఓటర్స్ డాట్ ఇసిఐ డాట్ గవ్ డాట్ ఇన్’ సైట్లో కొడితే అసెంబ్లీ, లోక్‌సభ, పోలింగ్ కేంద్రం మూడూ తెలుస్తాయి. నెట్ లేకపోతే 1950కి ఫోన్ చేసి అడగండి. 1950 వాళ్లు అభ్యర్థి నంబరు ఇవ్వరు, ఓటు ఎక్కడుందో మాత్రం చెప్తారు. అసెంబ్లీ క్రమసంఖ్య కూడా రాసి పెట్టుకుంటే సైట్లో వెతకడం సులువు: భీమిలి 20, తూర్పు 21, దక్షిణం 22, ఉత్తరం 23, పశ్చిమం 24, గాజువాక 25, పెందుర్తి 31.

అఫిడవిట్ దించుకోవడం

ఎన్నికల సంఘం పెట్టిన సైటు ‘అఫిడవిట్ డాట్ ఇసిఐ డాట్ గవ్ డాట్ ఇన్’. చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్లండి. పేజీ పైభాగంలో ఎన్నిక రకం, ఎన్నిక, రాష్ట్రం, దశ, నియోజకవర్గం ఎంచుకునే గళ్లు ఉంటాయి. వాటిని వరసగా నింపాలి, ఎందుకంటే పై గడి నింపితేనే కింది గడిలో పేర్లు వస్తాయి. మన దగ్గర 2024 మే 13న అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్ జరిగింది. అందుకే ఎన్నిక రకం దగ్గర ‘ఏసీ’ అంటే అసెంబ్లీ, ‘పీసీ’ అంటే పార్లమెంటు అని గుర్తుంచుకోండి. ఎమ్మెల్యే అభ్యర్థి కోసం పీసీలో వెతికి, పేరే లేదని వదిలేసేవాళ్లు చాలామంది.

ఫిల్టర్ నొక్కగానే ఫొటోలతో జాబితా వస్తుంది. ఒక్కొక్కరి పేరు దగ్గర పార్టీ, స్థితి కనిపిస్తాయి. నామినేషన్ ఆమోదం పొందిందా, తిరస్కరించారా, ఉపసంహరించుకున్నారా, బరిలో ఉన్నారా అన్నది ఆ స్థితిలో తెలుస్తుంది. ‘బరిలో ఉన్నవాళ్లు’ అన్న ఫిల్టర్ పెట్టుకుంటే జాబితా బాగా తగ్గుతుంది. ఒకే అభ్యర్థి పేరు రెండు మూడుసార్లు కనిపించినా కంగారు పడకండి. ఒక నియోజకవర్గంలో ఒకరు నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయవచ్చు, ప్రతి సెట్టూ విడిగా ఎక్కుతుంది. వాటిలో చివరి తేదీది తెరవండి. ప్రధాన పార్టీ అభ్యర్థి పేరునే పోలిన పేరుతో స్వతంత్రులు కూడా ఉంటారు. ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఫొటో మూడూ కలిస్తేనే ఆ మనిషి అని తేల్చుకోవాలి.

‘మరిన్ని వివరాలు’ అన్న బొత్తం నొక్కితే అభ్యర్థి పేజీ వస్తుంది. అక్కడ అఫిడవిట్ పీడీఎఫ్ దించుకోవచ్చు. స్కాన్ చేసిన పేజీలు కాబట్టి ఫైలు బరువుగా ఉంటుంది, మొబైల్ డేటా మీద మధ్యలో ఆగిపోతే వైఫైలో మళ్లీ ప్రయత్నించండి. దించిన ఫైలుకు వెంటనే ‘గాజువాక 2024’ అన్నట్టు పేరు పెట్టుకోండి, లేకపోతే నాలుగు ఫైళ్లు దించాక ఏది ఎవరిదో గుర్తుండదు. ఇదే సమాచారం ఫోన్‌లో కావాలంటే ఎన్నికల సంఘం ‘ఈసీఐనెట్’ యాప్‌లో ‘నో యువర్ క్యాండిడేట్’ ఉంది.

స్కాన్ కాగితంలో నంబరు చదవడం

పీడీఎఫ్ తెరిచి నంబరు కోసం వెతుకులాట గడిలో టైప్ చేస్తే ఏమీ దొరకదు, ఎందుకంటే అది అక్షరం కాదు, బొమ్మ. మొదటి మూడు నాలుగు పేజీలు కళ్లతోనే చూడాలి. మొదట పేరు, వయసు, చిరునామా వస్తాయి. తర్వాత ఏ పార్టీ తరఫున పోటీ అన్నది, ఆ తర్వాత ఓటరు జాబితాలో పేరు ఏ భాగంలో ఏ వరసలో ఉందన్నది. వాటి కిందే 3వ అంశంగా ఫోన్ నంబరు. దాని తర్వాత 4వ అంశంలో పాన్ నంబర్ల పట్టిక మొదలవుతుంది. పట్టిక కనిపించిందంటే మీరు నంబరు దాటేశారు, ఒక పేజీ వెనక్కి రండి.

ప్రతి పేజీ మీదా అభ్యర్థి సంతకం, నోటరీ ముద్ర ఉండాలన్నది నియమం. ఆ గుండ్రటి ముద్ర సరిగ్గా నంబరు మీదే పడుతుంటుంది. పేజీని 200 శాతం పెద్దది చేసి, ముద్ర గీతలను పక్కనపెట్టి అంకెలు మాత్రమే చూడండి. చేతిరాతలో 1, 7 ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. 0, 6 కూడా అంతే, పెన్ను కొంచెం జారితే 3, 8 కూడా. అదే చెయ్యి రాసిన తేదీలు, పిన్‌కోడు పక్కనే ఉంటాయి. విశాఖ పిన్‌కోడ్లు 530తో మొదలవుతాయి కాబట్టి ఆయన సున్నా ఎలా రాస్తారో, మూడు ఎలా రాస్తారో అక్కడ చూసుకుని నంబరుతో పోల్చండి. ఈ చిన్న పనితోనే సగం అనుమానాలు తీరతాయి. మొబైల్ నంబరైతే 10 అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. 0891తో మొదలై తర్వాత ఏడంకెలుంటే అది ల్యాండ్‌లైన్, ఇంటిదో ఆఫీసుదో అయి ఉంటుంది. తొమ్మిది అంకెలే కనిపిస్తే స్కాన్ అంచు కోతపడిందన్నమాట. మరో సెట్టు అఫిడవిట్ తెరిస్తే అదే నంబరు పూర్తిగా దొరుకుతుంది.

గడి ఖాళీగా వదిలేయకూడదు. ఖాళీలతో అఫిడవిట్ ఇస్తే, రిటర్నింగ్ అధికారి చెప్పినా నింపకపోతే, నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కొందరు ‘లేదు’ అని రాసి ఊరుకుంటారు. అలాంటప్పుడు అదే అంశంలో ఉన్న ఈ మెయిల్‌కు గానీ ఫేస్‌బుక్ ఖాతాకు గానీ రాయండి.

గెలిచినవాళ్లు, కార్పొరేటర్లు

గెలిచి పదవిలో ఉన్నవాళ్ల విషయంలో అఫిడవిట్ నంబరు కన్నా సభ సైట్లో ఉన్నది మేలు. ఎంపీలకు ‘సన్సద్ డాట్ ఇన్’లో సభ్యుల పేజీ ఉంది, ఢిల్లీ చిరునామా, సొంతూరి చిరునామా విడివిడిగా ఇస్తారు. వీధి సమస్య చెప్పాలంటే సొంతూరి చిరునామా దగ్గరున్న నంబరుకే చేయండి. ఎమ్మెల్యేల వివరాలకు రాష్ట్ర శాసనసభ సైటు చూడండి.

కార్పొరేటర్ల దారి వేరు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు పెట్టేది కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. అందుకే వార్డు అభ్యర్థుల పేర్లు ఇందాక చెప్పిన సైట్లో ఎంత వెతికినా దొరకవు. 2021 మార్చి 10న 98 వార్డులకు పోలింగ్ జరిగింది గానీ, ఆ నామినేషన్లు వేసింది 2020 మార్చిలో. కరోనాతో ఎన్నిక ఏడాది ఆగి, మళ్లీ ఆగిన చోటి నుంచే మొదలైంది. అంటే 2021లో పోటీ చేసినవాళ్ల కాగితాల్లో ఉన్నవి 2020 నాటి నంబర్లు, వాటి మీద మరీ ఆధారపడకండి. గెలిచినవాళ్ల కోసం జీవీఎంసీ సైటు చూడండి, లేకపోతే మీ వార్డు సచివాలయానికి వెళ్లి అడగండి. ఆన్‌లైన్లో గంట వెతికేకన్నా సచివాలయం మెట్లెక్కడమే తొందరగా తేలే పని.

నంబరు దొరికాక

ఒక్కచోట దొరికిన నంబరును నమ్మేయకండి. అఫిడవిట్ నంబరును అభ్యర్థి ఫేస్‌బుక్ పేజీలోనో, పార్టీ నగర కార్యాలయం వాళ్లు చెప్పినదానితోనో పోల్చండి. కాలర్ పేరు చూపించే యాప్‌లను మాత్రం రుజువుగా తీసుకోవద్దు. ఆ పేర్లు జనం తమ ఫోన్లలో ఎలా దాచుకున్నారో దాన్నిబట్టి వస్తాయి. అభ్యర్థి పేరు చూపించే నంబరు ఆయన డ్రైవర్‌ది కావచ్చు, పాత పీఏది కావచ్చు.

ప్రచారం రోజుల్లో ఉదయం, సాయంత్రం అభ్యర్థులు వీధుల్లో ఉంటారు, ఫోన్ పక్కనున్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య చేస్తే దొరికే అవకాశం ఎక్కువ. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే ఆపేసి మెసేజ్ పెట్టండి. మెసేజ్ ఇలా ఉంటే చదువుతారు:

‘నమస్కారం సార్. మాది పశ్చిమ నియోజకవర్గం, గోపాలపట్నం. మా వీధిలో మంచినీళ్లు మూడు రోజులకోసారి వస్తున్నాయి. మీరు గెలిస్తే దీనికి ఏం చేస్తారో చెప్పండి. వీలు చూసుకుని ఫోన్ చేయగలరు.’

అభ్యర్థి ఆడవాళ్లయితే ‘మేడమ్’ అనండి, లేదా పేరు చివర ‘గారు’ చేర్చండి. సమస్య ఒక్కటే రాయండి. ఒకే మెసేజ్‌లో అయిదు కష్టాలు చెప్తే ఒక్కదానికీ జవాబు రాదు. ఫొటో పెడితే వీధి పేరు కనిపించేలా తీయండి. ఫోన్ ఎత్తింది పీఏ అయితే చిన్నబుచ్చుకోకండి, ఆయన పేరు అడిగి రాసుకోండి. రెండోసారి చేసినప్పుడు ‘మొన్న ఫలానావారితో మాట్లాడాను’ అంటే మాట కదులుతుంది.

డబ్బు పంచుతున్నారు, మద్యం పంచుతున్నారు లాంటి ఫిర్యాదైతే అభ్యర్థికి ఫోన్ చేసి ఉపయోగం లేదు. అది ఈసీఐనెట్ యాప్‌లోని సీ-విజిల్‌లో ఫొటోతో పెట్టండి. 100 నిమిషాల్లో తేల్చాలన్నది దాని పద్ధతి. ఎన్నికల పరిశీలకుల నంబర్లు కూడా జిల్లా యంత్రాంగం పత్రికల్లో ప్రకటిస్తుంది, ఆ వారం పేపరు దాచుకోండి.

అఫిడవిట్ పీడీఎఫ్‌ను యథాతథంగా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి తోసేయవద్దు. అందులో అభ్యర్థిదే కాదు, భార్యాపిల్లల పాన్ నంబర్లు, ఇంటి చిరునామా కూడా ఉంటాయి. నంబరు కావాల్సినవాళ్లకు సైటు పేరు చెప్తే చాలు. ఇంకోటి, అభ్యర్థి ఆఫీసు నుంచి అంటూ ఎవరైనా తిరిగి ఫోన్ చేసి ఓటరు స్లిప్పు పేరుతో ఓటీపీ గానీ, ఏదైనా లింకు నొక్కమని గానీ అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయండి. ఓటు కోసం ఓ అభ్యర్థికి మీ ఓటీపీతో పనే ఉండదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఆన్‌లైన్లో ఏదీ తెరుచుకోకపోతే కాగితం దారి ఒకటి ఉంది. నామినేషన్ల సమయంలో అఫిడవిట్ నకలు రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటిస్తారు. విశాఖ లోక్‌సభకు అది కలెక్టరేటు, అసెంబ్లీ స్థానాలకు ఏ కార్యాలయమో 1950లో చెప్తారు. ఆఫీసు వేళల్లో వెళ్లి, 3వ అంశం దగ్గర నంబరు రాసుకుని రావచ్చు.