పగడాలకు మేత వేసే ముందు పంపు ఆపండి

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్లకు ఒక మాట. పగడాలు కూడా తిండి తినే సముద్ర జీవులే. వాటికి మేత వేసేటప్పుడు ముందు ట్యాంకులో నీళ్లు తిప్పే పంపు ఆపండి. హన్మకొండలో ట్యాంకు పెట్టిన కొత్తలో ఈ సంగతి తెలియక, కొన్న మేతంతా ఫిల్టర్‌కే తినిపించాను.

లైట్లు ఆర్పిన కాసేపటికి చాలా పగడాలు తిండి పట్టుకునే సన్నటి టెంటకిల్స్ (మీసాల్లాంటివి) బయటికి చాస్తాయి. మేతకు అదే సమయం. ఫ్రోజెన్ మైసిస్ రొయ్యలను చిన్న గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి కరిగించి, ఆ నీళ్లు వంపేసి, డ్రాపర్‌తో ఒక్కో పగడం నోటి దగ్గర మెల్లగా వదలాలి. పావుగంట తర్వాత పంపు వేయండి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, నేనైతే రెండుసార్లు మర్చిపోయాను. లైటు మీద బతికే రకాలకు వారానికి రెండుసార్లు చాలు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలు (నాచు జాతివి) వెలుతురుతో చేసిపెట్టేదే అసలు తిండి. మేత ఎక్కువైతే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి నాచు పడుతుంది.

ఇక మన ఎండాకాలం. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీల్లో ఉంటే మంచిది. నీటిమీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది కానీ నీళ్లు తొందరగా ఆవిరవుతాయి. ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే రోజూ పోయాలి. బోరు నీళ్లు వద్దు. అన్నట్టు, అదే గదిలో ఎయిర్ కూలర్ నడిస్తే గాలిలో తేమ పెరిగి ఈ ఫ్యాన్ పెద్దగా పనిచేయదు.