ఎండలు ముదరకముందే ట్యాపెట్లు చూపించుకోండి, సీఎన్‌జీ కారైతే మరీను

ఇంజిన్ పైభాగంలో టకటకమని వినిపిస్తే అందరికీ టెన్షనే. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వుల్నీ, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుల్నీ నొక్కి తెరిచేవే ట్యాపెట్లు, వాటికీ వాల్వులకీ మధ్య సన్నని గ్యాప్ ఉండాలి. నిజానికి భయపడాల్సింది చప్పుడు చేయని ట్యాపెట్‌కి. గ్యాప్ ఎక్కువైతే వాల్వ్ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది, తక్కువ లేస్తుంది, పికప్ కొంత పడిపోతుంది. చప్పుడు చేసి మరీ చెబుతుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టించుకుంటారు. గ్యాప్ మూసుకుపోతే ఇంజిన్ మెత్తగా నడుస్తున్నట్టే ఉంటుంది, లోపల ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంటుంది.

ఎగ్జాస్ట్ వాల్వ్ 700 డిగ్రీల వరకూ వేడెక్కుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం అది సీటు (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే అంచు) మీద కూర్చున్న కాసేపట్లోనే హెడ్‌లోకి, అంటే ఇంజిన్ పైభాగంలోకి, దిగిపోవాలి. వేడికి వాల్వ్ కాడ సాగుతుంది కాబట్టే ముందే కొంచెం గ్యాప్ వదులుతారు. అది లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, మంట ఆ సందులోంచి దూరి అంచును కొరికేస్తుంది. ఐడ్లింగ్‌లో వణుకు, ఎత్తు ఎక్కేటప్పుడు నీరసం, ప్లగ్గులూ కాయిలూ మార్చినా పోని మిస్సింగ్ దీని గుర్తులు. ఆ స్థితిలో ఏసీ వేసుకుని, ఫుల్ లోడుతో మే నెల హైవే ఎక్కితే మిగిలేది హెడ్ పనే. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కూడా చెడగొడుతుంది.

సీఎన్‌జీ, ఎల్పీజీ బళ్లలో ఈ బెడద ఎక్కువ. పొడి గ్యాస్‌కి వాల్వ్ సీటు త్వరగా అరుగుతుంది, వాల్వ్ సీటులోకి దిగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది. పెట్రోలు కారుకి బయట కిట్టు బిగించుకున్నవాళ్లు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే చూపించుకోవడం మంచిది.

ముందు మీ ఇంజిన్ ఏ రకమో తెలుసుకోండి. పాత స్విఫ్ట్ డీజిల్‌లోని 1.3 మల్టీజెట్ ఇంజిన్ వంటి వాటికి ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లుంటాయి, సెట్టింగ్ అక్కర్లేదు. మారుతి 800, పెట్రోలు హోండా సిటీ వంటి వాటికి గ్యాప్ సరిచేసే స్క్రూ, దాన్ని కదలకుండా పట్టే లాక్ నట్ ఉంటాయి. వాల్వ్ తలమీద గిన్నెలా బోర్లించి ఉండే బకెట్ రకమైతే సరైన మందం బకెట్ కొని వేయాలి, ఇంట్లో పెట్టుకునే పని కాదు. ఇంకో మాట: ఇంజెక్టర్లు కూడా టిక్‌టిక్‌మంటాయి. అది ట్యాపెట్ చప్పుడనుకుని గ్యాప్ బిగించేస్తే బాగున్న బండిని చెడగొట్టుకున్నట్టే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కొలవాలి. హోండా అయితే హెడ్ 38 డిగ్రీల లోపు ఉండాలంటుంది. మే మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో గాలే అంతకు మించి ఉంటుంది! కాబట్టి రాత్రంతా ఆపిన బండిని తెల్లవారుజామునే విప్పించండి. పొద్దున డ్రైవ్ చేసుకుంటూ షెడ్డుకెళ్లి, పది నిమిషాలాగి సెట్టింగ్ చేయిస్తే ఆ కొలత నమ్మకండి.

సీఎన్‌జీ సిలిండర్ వాల్వ్ కట్టేసి, లైన్లో గ్యాస్ అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపాలి. తాళం తీసేసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. ఇంజిన్‌ని పుల్లీ బోల్టు పట్టుకుని చేత్తోనే, అది తిరిగే దిక్కులోనే తిప్పాలి. ఏ సిలిండర్ కొలుస్తున్నారో దాని రెండు రకాల వాల్వులూ మూసుకుని ఉండాలి. 1.5 లీటర్ల ఐ-వీటెక్ సిటీలో ఇన్‌టేక్‌కి 0.15 నుంచి 0.19 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 0.26 నుంచి 0.30. మీ బండి అంకె మీ మాన్యువల్లోదే. గ్యాప్ కొలిచే పల్చటి రేకు, అంటే ఫీలర్ గేజ్ బ్లేడు, కాస్త పట్టుకుంటూ జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా రవ్వంత తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ బ్లేడు పెట్టి చూడాల్సిందే. చాలామంది వదిలేసేది ఈ రెండోసారి కొలతనే. చెవితోనే సెట్ చేస్తానన్న మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా సరే, గేజ్ తెమ్మనండి.

ట్యాపెట్ల పైన ఉండే కవర్‌కి గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే సీలు) గట్టిపడి ఉంటే మార్చేయండి, లేదంటే ఆయిల్ ప్లగ్గుల గుంతల్లోకి దిగుతుంది. కవర్ బోల్టులు చిన్నవి, బలం చూపిస్తే మరలు పోతాయి.

సెట్ చేయకముందు ఒక్కో వాల్వ్‌కి ఎంత గ్యాప్ ఉందో కాగితం మీద రాయించుకోండి. వచ్చేసారి అదే వాల్వ్ మళ్లీ టైట్ అయినట్టు కనిపిస్తే ఇంకోసారి స్క్రూ వదులు చేయించి పంపించేయకుండా కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. అది తక్కువొస్తే హెడ్ దింపి సీటు చూడాల్సిందే.