టైల్స్ కింద హీటింగ్ మ్యాట్ వేసే ముందు

చలికాలం లోపు బాత్రూమ్ నేల వెచ్చగా చేయించుకోవాలనుకునే కెనడా, బ్రిటన్ మనవాళ్లకు:

– హీటింగ్ మ్యాట్ అంటే కరెంటుతో వేడెక్కే కేబుల్‌ని జాలీకి అంటించిన చాప. ఆ కేబుల్‌ని అంగుళం కూడా కత్తిరించొద్దు. మ్యాట్ మలుపు తిప్పాలంటే జాలీ మాత్రమే కోయాలి. కేబుల్ తెగితే మ్యాట్ పోయినట్టే.

– మల్టీమీటర్‌తో కేబుల్ రెసిస్టెన్స్ (కరెంటుకు అది ఇచ్చే అడ్డు, ఓమ్స్‌లో) మూడుసార్లు చూడండి: పెట్టె విప్పగానే, పరిచాక, టైల్స్ అంటించాక. లేబుల్ మీది అంకెకు దగ్గరగా ఉండాలి. తేడా చివర్లో బయటపడితే కొత్త టైల్స్ పగలగొట్టడమే. మేస్త్రీ తొందరపెట్టినా వినొద్దు.

– నేల వేడిని కొలిచే సెన్సర్‌ని సన్న పైపులో, రెండు కేబుల్ వరసల మధ్య పెట్టించండి. పాడైతే లాగి మార్చుకోవచ్చు.

– బిగించిన అల్మరాల కింద వద్దు, వేడి చిక్కుకుని కేబుల్ మాడుతుంది.

– పరిచాక ఫోటో తీయండి. రేపు డ్రిల్ పెట్టేవాడికి అదే దిక్కు.

– జిగురు పూర్తిగా ఆరకముందే ఆన్ చేస్తే టైల్స్ ఊడతాయి. ఎన్ని రోజులు ఆగాలో జిగురు సంచి మీదే ఉంటుంది.